మోతీ ఎరిగిన చీర

నా చిన్నప్పుడు మా ఇంట్లోవాళ్లం అందరం కలిసి ఒక్కచోటికి వెళ్లింది లేదు. పెళ్లికైనా చావుకైనా వంతులే. సగం మంది వెళితే సగం మంది ఉండిపోవాలి. ఇందులో ఎవరి తప్పూ లేదు. మాది గౌలిపురలో పాలవాళ్ల ఇల్లు. తెల్లవారకముందు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి బర్రెలకు పాలు పిండాలి. పండగని, జ్వరమని, చుట్టాలొచ్చారని చెబితే బర్రె వినదు. నిండిన పొదుగును పిండకుండా వదిలేస్తే గట్టిపడి వాస్తుంది, ఆ తర్వాత ఆ పాల మీద ఆశ వదులుకోవలసిందే. మా ఇంట్లో గడియారం ఉండేది కాదు కానీ టైము అందరికీ తెలిసేది. కొట్టం కప్పు నీడ వచ్చి కుడితి తొట్టి అంచును తాకిందంటే మూడైనట్టే.

మాకు ఐదు బర్రెలు ఉండేవి. నాలుగింటిని మా బాపు పిండేవాడు. ఐదోది మోతీ. నుదుటి మీద ముత్యమంత తెల్లమచ్చ ఉండేది కాబట్టి ఆ పేరు. అన్నింటిలోకీ ఎక్కువ పాలిచ్చేది అదే, అన్నింటిలోకీ మొండిది కూడా అదే. దాని దూడ పుట్టిన నాలుగో రోజే చచ్చిపోయింది. దూడ లేని బర్రె చేపదు, అంటే పాలను పొదుగులోకి దించదు. అప్పుడు మా అమ్మ దాని పక్కన కూర్చుని మెడ నిమురుతూ, గంగడోలు గోకుతూ, ఏవేవో కబుర్లు చెబుతూ రెండు రోజులు గడిపింది. మూడో రోజు మోతీ అమ్మ చీర కొంగును వాసన చూసి, నాకి, చేపింది. అప్పటినుంచి దానికి దూడైనా అమ్మే, దొర అయినా అమ్మే. మళ్లీ ఈనినా ఆ అలవాటు మారలేదు. ఒకసారి అమ్మకు ఒళ్లు కాలిపోతున్న జ్వరం వస్తే బాపు పిండబోయాడు. మోతీ తన్నిన తన్నుకు వారం రోజులు కుంటుతూ నడిచాడు. అమ్మే దుప్పటి కప్పుకుని వచ్చి పిండింది.

అలా మా అమ్మ మూడు సంవత్సరాలుగా ఆ కొట్టానికి కట్టేసినట్టు ఉండిపోయింది. చార్మినార్ దాకా వెళ్లి గాజులు కొనుక్కోవాలన్నా పొద్దున వెళ్లి రెండింటికల్లా పరుగున వచ్చేసేది. ఇది నాకు వింతగా తోచేది కాదు. అమ్మంటే ఇంట్లో ఉండేదని అనుకునేదాన్ని, అంతే.

నాకేమో కుదురు లేదు. ఇప్పుడు అరవై దాటినా లేదు, అప్పుడు పదేళ్లకు ఎక్కడుంటుంది? కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేదాన్ని. నువ్వు కాళ్లకు చక్రాలు కట్టుకుని పుట్టావా అని మా తాతయ్య నవ్వేవాడు. ఆ ఏడాది మా క్లాసు పిల్లలను టీచరు నాంపల్లిలో ఉన్న పెద్ద తోట బాగే ఆమ్‌కు పిక్నిక్ తీసుకెళ్లింది. సరిగ్గా ఆ వారం నాకు గవదబిళ్లలు లేచాయి. బుగ్గలు ఉబ్బి, మెడకు గుడ్డ చుట్టుకుని నేను ఇంట్లో కూర్చుంటే, వాళ్లంతా వెళ్లొచ్చి నెలరోజులు అదే కథ చెప్పారు. గడ్డి మీద దొర్లారట. తామరపూల కొలను ఉందట. అందరూ గుండ్రంగా కూర్చుని తిన్నారట. వింటుంటే నాకు కడుపు మండిపోయేది. ఇక బడి నన్ను తీసుకెళ్లే ఆశ లేదు కనక, మా ఇంటివాళ్లనే నేను తీసుకెళ్లాలని నిశ్చయించుకున్నాను.

ఒక మధ్యాహ్నం బడి నుంచి సుద్దముక్క తెచ్చి కొట్టం గోడ మీద రాయడం మొదలుపెట్టాను. పైన పెద్ద అక్షరాలతో పిక్నిక్ అని. దాని కింద ఏమేం తీసుకెళ్లాలో, ఏం ఆడాలో. ఆ పక్కన ఎవరెవరు వస్తారో పేర్లు: బాపు, తాత, నేను, తమ్ముడు. మూడింటిలోపు తిరిగి రావాలి కాబట్టి ఆటలకు ఎంతసేపు, అన్నానికి ఎంతసేపు అని కూడా రాసుకున్నాను. మా తాతయ్య మంచం మీద కూర్చుని పగ్గం పేనుతూ ఇదంతా చూస్తున్నాడు. ఆయనకు కొంచెం ఉర్దూ చదవడం వచ్చు కానీ తెలుగు అక్షరాలు రావు. అంతా చదివి వినిపించమన్నాడు. గొప్పగా చదివాను. ఆయన చేతిలో పగ్గం ఆగిపోయింది.

“మీ అమ్మ పేరేది బిడ్డా?” అన్నాడు.

“అమ్మెట్ల వస్తది తాతా, మోతీ ఉన్నది గద” అన్నాను. నీళ్లు పల్లానికి పారతాయని చెప్పినంత తేలిగ్గా అన్నాను.

తాతయ్య పగ్గం పక్కన పెట్టాడు. ఆ తర్వాత లేచి వచ్చి గోడ ముందు నిలబడ్డాడు. ఇందులో తన పేరు ఏదని అడిగాడు. వేలు పెట్టి చూపించాను. “గది తుడువు. ఆడ మీ అమ్మది రాయి” అన్నాడు. నేను అరచేత్తో తుడుస్తుంటే వెనక నుంచి మెల్లగా, నాతో కాదన్నట్టు అన్నాడు. “మీ నానమ్మ పేరు నేనెన్నడు రాయించలే.”

మా నానమ్మ నేను పుట్టకముందే పోయింది. ఆమె జీవితమంతా ఆ కొట్టంలోనే గడిచిందని ఇంట్లో అనుకునేవారు. అప్పుడా మాటకు అర్థం నాకు పూర్తిగా తెలియలేదు కానీ, అమ్మ పేరు రాస్తుంటే ఎందుకో సిగ్గేసింది. తమ్ముడి పేరు గుర్తొచ్చింది, అమ్మ పేరు గుర్తురాలేదు.

మా తాతయ్య గురించి ఒక మాట చెప్పాలి. ఆయన మీసం చూసి బస్తీలో పిల్లలు పక్కకు తప్పుకునేవారు. మా పాలవాళ్ల సదర్ పండగనాడు పూలదండలు వేసిన దున్నపోతును ముందు నడిపించేది ఆయనే. పంచె మీద మరక ఉంటే గడప దాటేవాడు కాదు. ఇక మా అమ్మతో ఆయన నేరుగా మాట్లాడగా నేను వినలేదు. మామకూ కోడలికీ మధ్య అదొక మర్యాద. అమ్మ ఆయన ముందు తల మీది కొంగు తీసేది కాదు. ఇద్దరూ ఒకే వాకిట్లో ఉన్నా ఒకరి మాట ఇంకొకరికి నేనే మోయాలి. “తాతకు బువ్వ పెట్టిన్నని చెప్పు” అని అమ్మ అంటే, రెండడుగుల దూరంలో ఉన్న తాతయ్యకు నేను మళ్లీ చెప్పేదాన్ని. అంతటి మనిషి మర్నాడు నన్ను పక్కకు పిలిచి, మీ అమ్మ చీర ఒకటి పట్టుకురమ్మని అడిగాడు.

మాది పొద్దుటిపూట బడి కాబట్టి మధ్యాహ్నానికి నేను ఇంట్లోనే ఉండేదాన్ని. రోజూ రెండింటికి మా గల్లీ చివర నల్లా వచ్చేది. అమ్మ బిందెలు తీసుకుని వెళితే వరసలో నిలబడి రావడానికి అరగంట పట్టేది. ఆ అరగంటలో పని కానివ్వాలన్నాడు తాతయ్య. ఆయనకు మంచి చీరే కావాలనుకుని నేను పెట్టెలోంచి ఉతికి మడతపెట్టిన గులాబీరంగు చీర తెచ్చాను. ఆయన తలుపు దగ్గరకేసి, పంచె మీదనే దాన్ని చుట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని మోతీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. చీర కింద మీసం రెండువైపులా పొడుచుకొచ్చింది. నేను నోట్లో గుడ్డ కుక్కుకున్నాను. మోతీ మాత్రం నవ్వలేదు. సబ్బువాసన చూసి బుస్సుమంది, కాలు విసిరింది. బకెట్ ఎగిరి గోడకు తగిలింది, తాతయ్య వెల్లకిలా పడ్డాడు.

పడ్డవాడు లేచి, దుమ్ము దులుపుకుని, తప్పు బర్రెది కాదు మనదే అన్నాడు. దానికి కావలసింది మంచి చీర కాదు, తెలిసిన చీర. అమ్మ కొట్టంలో కట్టుకునే పాత ఆకుపచ్చ నూలుచీర ఒకటి ఉండేది. పాలు పిండడానికి వచ్చినప్పుడు అదే చుట్టుకునేది, అయిపోగానే కొట్టంలోనే మేకుకు తగిలించేది. పేడ, పాలు, గడ్డి, చెమట అన్నీ కలిసిన వాసన దానిది. తాతయ్య దగ్గర అలాంటి చీర పెట్టకూడదని నేను అనుకున్నాను, మోతీకేమో అదే కావాలి. మర్నాడు ఆయన దాన్ని కట్టుకుని కూర్చుంటే మోతీ వాసన చూసి ఊరుకుంది. కానీ చేపలేదు. ఏదో తక్కువైందన్నట్టు చెవులు కదిలిస్తూనే ఉంది.

ఆ తక్కువేంటో నాకు తట్టింది. అమ్మ పిండుతుంటే గాజులు బకెట్ అంచుకు తగిలి గలగలలాడేవి. ఈ మాట చెప్పగానే తాతయ్య నా నెత్తి మీద చెయ్యి వేసి తెలివి నాదేనన్నాడు. అమ్మకు పట్టని పాత మట్టిగాజులు రేకుడబ్బాలో ఉండేవి, తెచ్చాను. అవి ఆయన పిడికిలి దాటితే కదా. ఒక దారానికి ఎనిమిది గుచ్చి మణికట్టుకు కట్టాను. ఆ మధ్యాహ్నం గాజులు గలగలమనగానే మోతీ తల తిప్పి కొంగు నాకింది, కళ్లు సగం మూసుకుంది, చేపింది. తాతయ్య నాలుగు ధారలు చెంబులోకి పిండి నా వైపు చూశాడు. ఆ చూపు నేను ఎప్పటికీ మరిచిపోను. పండగనాడు దున్నపోతుతో నడిచేటప్పుడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు.

ఆ తర్వాత పది రోజులు రోజూ ఇదే తంతు. పిండిన చెంబెడు పాలు సాక్ష్యం మిగలకుండా నేనే తాగేదాన్ని. తాతయ్య నా చేత ఒట్టు వేయించుకున్నాడు. “ఎవ్వలకు చెప్పకు బిడ్డా. బస్తీల నేను తలెత్తుకోని తిరగాలె” అన్నాడు. ఒట్టు వేయడం తేలికే. కడుపులో మాట ఆగని నాలాంటి దానికి దాన్ని మోయడమే కష్టం. అన్నం తింటుంటే నవ్వొచ్చేది. బడిలో లెక్కలు చేస్తుంటే నవ్వొచ్చేది. అమ్మ చూస్తే గవదబిళ్లలు మళ్లీ వచ్చాయా అని గొంతు నొక్కి చూసేది.

ఇంకో తిరకాసు వచ్చిపడింది. మధ్యాహ్నం మోతీ పాలు చెంబెడు తగ్గుతున్నాయని అమ్మ కనిపెట్టింది. దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తిప్పింది, కొట్టానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. ఇలాంటప్పుడు దీన్ని వదిలి ఎక్కడికీ రానని తేల్చి చెప్పింది. తాతయ్య అమ్మ దిగులు చూడలేక మూడింటికి ముందే బయటికి వెళ్లి గల్లీ చివర కూర్చున్నాడు. మంచి చేయబోతే ఎదురు తిరిగిందని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు, నోరు విప్పడానికి ఇద్దరికీ లేదు. చివరికి పిక్నిక్ ముందురోజు ఆయన వాకిట్లో నిలబడి, అమ్మకు వినబడేలాగే, నాతో చెప్పాడు.

“రేపు అందరు పోతుండ్రు. కడమ నాలుగు నేను పిండుత, మోతీ సంగతి గూడ చూసుకుంటనని మీ అమ్మకు చెప్పు. దీపాలు పెట్టినంక రండ్రి.”

మామ మాటకు ఎదురు చెప్పడం మా అమ్మకు తెలియదు. నమ్మడం కూడా చేతకాలేదు. తలుపు చాటున నిలబడి, ముసలాయనను అది తన్నిందంటే నడుము విరుగుతుందని నాతో గొణిగింది. ఆ మాట మాత్రం నేను మోయలేదు.

పిక్నిక్ రోజున అమ్మ తెల్లవారుజామునే మోతీని పిండి, ఆకుపచ్చ చీర మేకుకు తగిలించి, గులాబీరంగు చీర కట్టుకుంది. ఆ చీరను అమ్మ ఒంటి మీద నేను అదే మొదటిసారి చూడటం. పులిహోర, పెరుగన్నం, ఉల్లిగారెలు చేసింది. ఇంతమందికి సరిపడే డబ్బా ఏదీ లేక పులిహోరను పాల క్యానులో సర్దింది. బాపు దాన్ని భుజానికెత్తుకుంటే చార్మినార్ దగ్గర బస్సు ఎక్కేలోపు ఇద్దరు పాలు ఎట్లిస్తున్నావని అడిగారు. బాగే ఆమ్‌లో కూర్చున్నాక కూడా ఒకాయన చంటిపిల్లకు కావాలంటూ గ్లాసు పట్టుకొచ్చాడు. అమ్మ మూత తీసి పులిహోర చూపించి, ఆ గ్లాసు నిండా అదే పెట్టి పంపింది.

తోట నేను విన్నదానికంటే అందంగా ఉంది. నేనూ తమ్ముడూ గడ్డి మీద దొర్లాము, కొలను చుట్టూ పరిగెత్తాము. బాపు చెట్టు కింద తలకింద కండువా పెట్టుకుని ఐదు నిమిషాల్లో గురక తీశాడు. అమ్మ కూర్చోలేదు. ఆ పచ్చిక మొత్తాన్ని ఒకసారి కలయజూసి, వంగి, రెండు చేతులా కోయడం మొదలుపెట్టింది. నేను చూసేసరికి అన్నం తెచ్చిన సంచి సగం నిండింది. తోటమాలి పరిగెత్తుకొచ్చాడు. అమ్మకు కోపం రాలేదు, నిజంగానే అర్థం కాక అడిగింది.

“గింత గడ్డి ఊకెనే పెంచి ఎవ్వలకేస్తరు?”

“దేఖ్నేకు హై అమ్మా, ఖిలానేకు నై” అన్నాడు ఆ ముసలి మాలి. చూడటానికే, మేపడానికి కాదట. అమ్మ ఆయన ముఖం వంకా, గడ్డి వంకా చూసింది. చూడటానికి కూడా గడ్డి పెంచుతారన్న సంగతి ఆమెకు ఆ రోజే తెలిసింది. సంచిలోది పారబోసి, దాని పక్కనే దోషిలా కూర్చుంది.

తిండి అయ్యాక అమ్మ పరిస్థితి ఇంకా దిగజారింది. అక్కడ కుడితి తొట్టి లేదు, నీడ చూసి టైము చెప్పుకోవడానికి. వచ్చేపోయే వాళ్లలో వాచీ ఉన్నవాళ్లను ఆపి అడిగింది. ఒకటిన్నర. కాసేపయ్యాక ఇంకొకరిని అడిగింది. రెండు. నల్లా వచ్చుంటుంది అంది. తమ్ముడు బంతి విసిరితే పట్టుకోలేదు. ఐస్‌ఫ్రూట్ బండి వస్తే వద్దంది. మేమెంత పిలిచినా కొలను దాకా రాలేదు, బస్సు వచ్చే గేటు కనిపించే చోటే కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. ఇంత కష్టపడి తీసుకొస్తే మనిషి ఇక్కడుంది, ప్రాణం కొట్టంలో ఉంది. ఒక్క మాట చెబితే ఆమెకు ఈ బెంగ తీరుతుంది. ఆ మాట చెబితే తాతయ్య పరువు పోతుంది. చెట్టు చుట్టూ తిరిగాను. కొలనులో రాళ్లు వేశాను. తామరాకు మీద నీటిబొట్టులాగా ఆ మాట నా నాలుక మీద అటూ ఇటూ దొర్లుతూనే ఉంది.

ఎవరో మూడైందని చెప్పారు. అమ్మ ఇక ఏమీ అడగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని నేలవైపు చూస్తూ కూర్చుంది. నేను ఆమె వేళ్లను చూశాను. అవి కదులుతున్నాయి. పిడికిలి మెల్లగా ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది, ఒకదాని తర్వాత ఒకటిగా. ఉత్త గాలిలో పాలు పిండుతోంది మా అమ్మ. తాను అలా చేస్తున్నట్టు ఆమెకే తెలియదు. నాకు ఏడుపొచ్చింది. ఒట్టు మాట మరిచిపోయి పక్కన కూలబడ్డాను.

“అమ్మా, మోతీ చేపుతది. తాత నీ చీర కట్టుకుంటడు.”

వేళ్లు ఆగిపోయాయి. “ఏ చీర?” అంది.

“మేకుకున్నది.”

“మరి గాజులు?”

“దారం గుచ్చి నేనే ఇచ్చిన. పది దినాలసంది నేర్సుకుంటుండు” అని అంతా చెప్పేశాను. సబ్బువాసన, తన్ను, తగ్గిన పాలు నా కడుపులోకి పోయిన వైనం, అన్నీ.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతుంటే ఏడుస్తోందేమో అనుకుని హడలిపోయాను. కొంగు జారింది. ఆమె నవ్వుతోంది. మా అమ్మ చప్పుడు చేసి నవ్వగా నేను అంతకుముందు వినలేదు. పక్కన కూర్చున్నవాళ్లు తిరిగి చూసేలా నవ్వింది, ఆపుకోబోయి మళ్లీ నవ్వింది, కళ్లనుంచి నీళ్లు కారాయి. బాపు నిద్రలేచి ఏమైందన్నాడు. ఏంలేదు పండుకో అని ఆయనను మళ్లీ పడుకోబెట్టింది. ఎంతసేపటికో నవ్వు తగ్గి, “గంత పెద్దమనిషి” అని మాత్రం అంది. ఆ తర్వాత చెప్పులు విప్పేసి, ఆ చూడటానికి పెంచిన గడ్డి మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూసింది.

ఆ రోజు మిగిలిన మూడు గంటలూ అమ్మ మాతోనే ఉంది. కొలనులో కాళ్లు పెట్టింది. ఐస్‌ఫ్రూట్ తిని నాలుక ఎర్రగా ఉందా అని నన్ను అడిగింది. తమ్ముడితో పరుగుపందెం పెట్టుకుని ఓడిపోయింది. ఇంకెవ్వరినీ టైము అడగలేదు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాము. ఇప్పుడు గాభరా నా వంతు. చెప్పేశానని తాతయ్యకు తెలిస్తే నా మాటకు ఇక విలువేముంటుంది? కొట్టంలో మోతీ తాపీగా నెమరు వేస్తోంది, పొదుగు ఖాళీగా వేలాడుతోంది. మేకుకు ఆకుపచ్చ చీర ఉంది, మగవాళ్లు కండువా మడిచినట్టు మడిచి. తాతయ్య మంచం మీద మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు, రోజూ కూర్చున్నట్టే. మీసం మీదికి లేచిన చేతికి దారంతో ఎనిమిది గాజులు వేలాడుతున్నాయి. తీయడం మరిచిపోయాడు.

నాకంటే ముందు అమ్మ చూసింది. బాపు అప్పుడే క్యాను దింపుకుంటూ లోపలికి వస్తున్నాడు. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని, ముఖం అటు తిప్పుకుని, ఉప్పు నిండుకుంది, దుకాణం మూసేలోపు పట్టుకురమ్మని బాపును గడపలోంచే వెనక్కి పంపేసింది. తర్వాత నాతో, ఎప్పటిలాగే, ఆయనకు వినబడేలా అంది.

“తాతకు చేతులు కడుక్కోను నీళ్లియ్యి బిడ్డా.”

చెంబు తీసుకెళ్లాను. తాతయ్య చేయి చాపాడు, చూసుకున్నాడు. గాజులు చప్పుడు చేశాయి. దారం తెంపి గాజులను నా గౌను జేబులో వేశాడు. నేను తలెత్తకుండా నీళ్లు పోశాను. చెప్పినవా అని అడుగుతాడనుకున్నాను. ఆయన ఆ మాటే ఎత్తలేదు. చేతులు కడుక్కుని, కండువాతో తుడుచుకుని, నా చెవి దగ్గరికి వంగాడు.

“నవ్విందా మీ అమ్మ?”

“మస్తు నవ్వింది తాతా” అన్నాను.

ఆయన తల ఊపి మళ్లీ మీసం దువ్వుకున్నాడు. కడుపులో మాట ఆగని పిల్లను ఆయన పదేళ్లుగా ఎరిగినవాడే కదా. ఒట్టు వేయించుకున్న రోజే అది ఎంత దూరం నిలుస్తుందో ఆయనకు తెలిసి ఉంటుందని నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది.

వాళ్లిద్దరూ ఆ సంగతి ఎన్నడూ మాట్లాడుకోలేదు. నా ద్వారా కూడా మాట్లాడుకోలేదు. కానీ అమ్మ ఆ గాజులు డబ్బాలో పెట్టలేదు. కొత్త దారం గుచ్చి, ఆకుపచ్చ చీర వేలాడే మేకుకే తగిలించింది. ఎప్పుడైనా ఆమె పుట్టింటికో పెళ్లికో వెళ్లవలసి వస్తే, ముందురోజు ఆ చీర ఉతకకుండా చక్కగా మడిచి, పైన గాజులు పెట్టి ఉంచేది. అది చూసి తాతయ్య నాతో అనేవాడు, మోతీ సంగతి చూసుకుంటనని చెప్పమని.

మోతీ పోయింది, తాతయ్య పోయాడు. బర్రెలు బస్తీలో ఉండే రోజులూ పోయాయి. మా తమ్ముడు కొట్టాన్ని ఊరవతల జల్‌పల్లికి మార్చి, తర్వాత అదీ తీసేశాడు. నాకు కుదురు మాత్రం రాలేదు. ఇంట్లో ఎవరు ఎక్కడికి బయలుదేరినా నాకు కాళ్లు ఆగవు. అయితే సంచులు సర్దేలోపు ఒక మాట అడుగుతాను, ఇంట్లో ఎవరు ఉండిపోతున్నారని. మా వాళ్లు దాన్ని నా చాదస్తం అంటారు.

మొన్న చలికాలంలో నా మనవరాలు ఆదివారం పార్కుకు వెళ్దామని ఫోనులో పేర్ల జాబితా తయారు చేసింది. చదవమన్నాను. మా కోడలి పేరు లేదు. అమ్మెలా వస్తుంది నానమ్మా, ఆదివారం కర్రీపాయింట్ ఉంటుంది కదా అంది, ఎంతో తేలిగ్గా. మా కోడలు చాంద్రాయణగుట్ట చౌరస్తా దగ్గర వండిన కూరలమ్ముతుంది. ఆదివారమే గిరాకీ. ఆ దుకాణం పెట్టి నాలుగేళ్లయింది, ఆ నాలుగేళ్లలో ఆమె ఒక్క ఆదివారం బయటికి వెళ్లలేదన్న సంగతి ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు, అదే బాధ. నా పేరు తీసేసి అక్కడ మీ అమ్మది రాయమన్నాను. వారం రోజులు సాయంత్రాలు ఆమె పక్కన నిలబడి, ఎవరికి కారం తక్కువ, ఎవరికి పప్పు చిక్కగా ఉండాలో నేర్చుకున్నాను. ఆదివారం పొద్దున ఆమె ఏప్రన్ కట్టుకుని గరిట పట్టాను. పొద్దు వాలేసరికి నడుము పట్టేసింది. ఇద్దరికి కూరలు తారుమారుగా ఇచ్చాను, ఒకాయన మళ్లీ వచ్చి పోట్లాడాడు కూడా.

చీకటి పడుతుండగా వాళ్లు దుకాణం ముందే ఆటో దిగారు. మా కోడలు కంగారుగా లోపలికి వచ్చి గిన్నెల మూతలు తీసి చూస్తోంది. నేను మనవరాలిని పక్కకు పిలిచి, వంగి, అడిగాను. నవ్విందా మీ అమ్మ అని.

“అందరూ మమ్మల్నే చూశారు నానమ్మా, అంత గట్టిగా నవ్వింది” అంది.

సరేనని తల ఊపి, ఏప్రన్ విప్పి, మడిచి, మేకుకు తగిలించాను.